తలకిందుల చిలక: ఒక ఇంటి కోసం చేసిన ఏడు కొయ్యల కథ

ఈ పని నా దగ్గరికి పాత నేత చీర ముక్కలో చుట్టిన మూటగా వచ్చింది. విప్పితే లోపల జానెడున్నర టేకు కొయ్య. ఒక కొసన చిలక తల, మెడ వంచి పైకి చూస్తోంది. మిగతాదంతా ఉలి తగలని నలుపలకల దిమ్మె. కోనసీమలో వాళ్ల మండువా లోగిలి విప్పేసినప్పుడు గోడలోంచి ఊడదీసిన చిలకకొయ్య అది. దాన్ని తెచ్చినావిడ ఇప్పుడు హైదరాబాద్‌లో ఎనిమిదో అంతస్తులో ఉంటారు. తల్లికి డెబ్బై ఎనిమిదేళ్లు, ఊరిల్లు పోయాక కూతురి దగ్గరికి వచ్చేశారు. "అమ్మకి ఈ ఫ్లాట్‌లో ఏదీ చేతికి తెలిసినట్టు లేదండీ" అన్నారు కూతురు. ఏడు చిలకకొయ్యలు, వీధి తలుపుకి జత పిడులు, బాల్కనీ తలుపు గాలికి కొట్టుకోకుండా ఆపడానికి ఒక వస్తువు కావాలన్నారు. అన్నీ ఇత్తడిలో, అన్నిటిలో ఏదో ఒక జంతువు ఉండాలి.

పన్నెండేళ్లుగా ఇంటి సామాన్లకు నమూనాలు గీసి, పోతపని వాళ్లతో కలిసి చేయిస్తున్నాను. ఇది సులువైన పనే అనుకున్నాను. మొదటి విడత మొత్తం పక్కన పెట్టేయాల్సి వచ్చింది. ఆ తప్పు నా గీతలోనే ఉంది. అది ఎలా బయటపడిందో, ఎలా దిద్దుకున్నామో కొలతలతో సహా రాస్తున్నాను. ఇలాంటి వస్తువులు చేసేవాళ్లకూ చేయించుకునేవాళ్లకూ పనికొస్తుంది.

మన ఇళ్లలో జంతువులు ఊరికే కూర్చోలేదు. బట్టలు తగిలించే మేకుని తెలుగులో చిలకకొయ్య అన్నాం. సంస్కృతంలో అదే మేకు పేరు నాగదంతం, అంటే ఏనుగు కొమ్ము. ఇంటి ముందు తలుపు సింహద్వారం. ఉయ్యాల బల్లను మోసే ఇత్తడి గొలుసుల్లో ఏనుగులూ గుర్రాలూ చిలకలూ ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడతాయి. ఆ గొలుసులో ఏనుగు ఒక లంకె, అది తెగితే ఉయ్యాల పడిపోతుంది. నేను మొదటి విడతలో మర్చిపోయింది సరిగ్గా ఈ సంగతే.

పోతకు డోక్రా పద్ధతి ఎంచుకున్నాను, అంటే మైనపు బొమ్మ చుట్టూ మట్టి అచ్చు కట్టి, మైనం కరిగిన ఖాళీలోకి లోహం పోయడం. ఇసుక అచ్చులో పోయించి ఉంటే చవకే, త్వరగానూ అయిపోయేది. కాని ఇసుక అచ్చు రెండు ముక్కలుగా విడిపోవాలి. మెడ కింద లోతూ రెక్క కింద వంపూ అందులో తేలిగ్గా రావు. ఏడు చిలకలూ ఏడు రకాలుగా ఉండాలన్న కోరిక కూడా ఉంది. డోక్రాలో ప్రతి వస్తువుకీ అచ్చు కొత్తది, పోత అయ్యాక దాన్ని పగలగొట్టాల్సిందే. మొహెంజొదారోలో దొరికిన 10.5 సెంటీమీటర్ల కంచు నర్తకి ఈ మైనపు పోత విద్యలో పుట్టినదే. మనకు దగ్గరగా ఆ విద్య కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని ఉషేగాంలో ఓజా కుటుంబాల చేతుల్లో ఉంది. తరాలుగా గోండులకు దేవతామూర్తులూ గంటలూ గజ్జెలూ పోసి ఇచ్చేది వాళ్లే. ఆదిలాబాద్ డోక్రాకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

అక్కడ నేను కలిసి పనిచేసిన పెద్దాయనను కాకా అని పిలుస్తాను. ఆయన చేసే తీరు చెబుతాను, తర్వాతి నిర్ణయాలన్నీ అందులోంచి వచ్చినవే. ముందు మట్టితో లోపలి ముద్ద చేసి ఆరబెడతారు. తేనె మైనంలో గుగ్గిలం కలిపి కరిగించి, దాన్ని చిల్లుల బిళ్ల గుండా ఒత్తి దారాలుగా తీస్తారు. ఎండాకాలంలో గుగ్గిలం కాస్త ఎక్కువ పడాలి, లేకపోతే దారం వేళ్లకే కరిగిపోతుంది. ఆ దారాన్ని ముద్ద చుట్టూ పక్కపక్కనే చుడితే అదే రెక్కా ఈకా అవుతుంది. దాని మీద మెత్తని బంకమట్టి పూత. వేలిముద్ర పడినా ఇత్తడిలో కనిపించేంత మెత్తన. ఆ పైన ఊక కలిపిన ముతక మట్టి. కొలిమిలో మైనం కరిగిపోయి, ఆ ఖాళీలోకి ఇత్తడి చేరుతుంది. మైనం కంటే ఇత్తడి దాదాపు తొమ్మిది రెట్లు బరువు. అందుకే మైనం తూచితే చాలు, వస్తువు బరువు ముందే తెలిసిపోతుంది. నలభై అయిదు గ్రాముల మైనం చిలకకి నాలుగు వందల గ్రాముల ఇత్తడి పడుతుంది, పోత కాలువలకి అయ్యేది వేరే.

ఇక నా మొదటి గీత. గోడకు ఆరు సెంటీమీటర్ల గుండ్రటి బిళ్ల. దాని మధ్యలోంచి చిలక తిన్నగా బయటికి వస్తుంది. గోడ నుంచి ముక్కు దాకా తొమ్మిది సెంటీమీటర్లు, ముక్కు వంపే కొక్కెం. కాగితం మీద బాగుంది, పోత కూడా చక్కగా వచ్చింది. రెండు చిలకలు హైదరాబాద్ తెచ్చి మా షెడ్డులో పరీక్ష పెట్టాను.

ఆ ఫ్లాట్ లోపలి గోడలు ఏఏసీ బ్లాకులవి, తేలిక ఇటుకలు. అవే బ్లాకులతో షెడ్డులో నడుమెత్తు గోడ కట్టి, పైన పూత వేయించి, చిలకలు బిగించాను. ఆరు కిలోల సంచీ తగిలించి, రోజూ ఇరవై సార్లు తీసి పెట్టించాను. ఐదో రోజుకి పై స్క్రూ ప్లగ్గుతో సహా ఊడి వచ్చింది. లెక్క వేస్తే ఆశ్చర్యం ఏమీ లేదు. ఆరు కిలోల బరువు గోడకు తొమ్మిది సెంటీమీటర్ల దూరంలో వేలాడుతోంది. పై స్క్రూ నుంచి బిళ్ల కింది అంచుకి అయిదే సెంటీమీటర్లు. ఆరుని తొమ్మిదితో హెచ్చించి అయిదుతో భాగిస్తే పదకొండు కిలోలకి కాస్త తక్కువ. బరువు కదలకుండా ఉన్నప్పుడే స్క్రూని గోడలోంచి బయటికి లాగే బలం అది. సంచీని విసురుగా తీస్తే ఆ బలం ఇంకా పెరుగుతుంది. తేలిక ఇటుకకి అంత పట్టు ఉండదు.

రెండో లోపాన్ని మా అమ్మ పట్టు చీర చూపించింది. కొంగుని చిలక మెడ మీద వేసి లాగితే, మైనపు దారం వరసల మధ్య పోగు తగులుకుని లేచింది. డోక్రాకి అందం తెచ్చే ఆ గీతలే బట్ట పాలిటికి ఆకురాయిలా పనిచేశాయి.

మూడోది పెద్దావిడ చెప్పారు. చూడటానికి ఇచ్చిన చిలకని ఒళ్లో పెట్టుకుని, ముక్కు కొనని బొటనవేలితో నొక్కి చూసి అన్నారు: "చూడమ్మాయ్, మా ఇంట్లో చిలక్కొయ్యకి తడి తువ్వాలేసినా జారేది కాదు, చెయ్యి తగిలినా గీరుకునేది కాదు. దీనికి ముక్కే ముందుకొచ్చింది. పిల్లలు పరిగెడతారు, కంట్లో తగిలితే?" మనవరాలి కోసం రెండు కొయ్యలు నేల నుంచి మీటరు ఎత్తులో పెట్టాలని అప్పటికే అనుకున్నాం. ఆ ఎత్తున ముక్కు కొన సరిగ్గా పాప కళ్ల ముందు ఉంటుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మూడు లోపాలూ వేరువేరు అనుకుని వేరువేరుగానే సర్దబోయాను: బిళ్ల పెద్దది చేద్దాం, మెడ నునుపు చేద్దాం, ముక్కు మొద్దు చేద్దాం. ఆ గీతలు పట్టుకుని మళ్లీ జైనూర్ వెళ్లాను. కాకా వాటిని చాలాసేపు చూశాడు.

"బిడ్డా, చిలక కొమ్మ మీద కూసుంటది, తొర్రల ఉంటది. గోడల కెల్లి గిట్ల పొడుచుకొని ఎన్నడన్న వచ్చిందా?"

మర్నాడు పొద్దున్నే తన చేను గట్టు మీది ఇప్ప చెట్టు దగ్గరికి తీసుకెళ్లాడు. మానులో పైన ఒక తొర్ర, అందులో రామచిలకల కాపురం. గంట కూర్చున్నాం. ఒక చిలక పై కొమ్మ మీద వాలి, తొర్ర వైపు మాను పట్టుకుని తలకిందులుగా దిగింది. తోక పైకి, మాను వెంబడే. రొమ్ము బెరడుకి ఆనుకుని ఉంది. మా అలికిడి విని ఆగి, మెడని బయటికి వంచి తల పైకెత్తింది. ఆ వంపు అచ్చం కొక్కెమే. "గదీ" అన్నాడు కాకా మెల్లగా.

రామచిలక ముక్కు నుంచి తోక చివరి దాకా 40 సెంటీమీటర్లు ఉంటుంది. అందులో సగానికి పైగా తోకే. నా మొదటి గీతలో ఆ తోకని అలంకారానికి బిళ్ల మీద రెండు గీతలుగా కుదించేశాను. కోనసీమ కొయ్య తీసి మళ్లీ చూస్తే, అందులోనూ తోక ఉంది. ఉలి పడని ఆ నలుపలకల దిమ్మె గోడ కట్టేటప్పుడే లోపలికి దిగి కూర్చునేది. మందపాటి పాత గోడ దాన్ని బిగించి పట్టుకునేది. ఇప్పటి నాలుగంగుళాల గోడలో అంత లోతు లేదు. గోడ లోపల దాగిన తోకని గోడ మీదికి, పైకి తీసుకురావాలి. ఇంతే చేయాల్సింది.

కొత్త చిలక తలకిందులుగా దిగుతుంది. తోక గోడని అంటుకుని పైకి సాగుతుంది, దాని చివర పై స్క్రూ. రొమ్ము కింద గోడకి ఆనుతుంది. మెడ బయటికి వచ్చి పైకి వంగుతుంది, బరువు ఆ మెడ వంపులో కూర్చుంటుంది. గోడ నుంచి బరువు ఉండే చోటికి అయిదు సెంటీమీటర్లు. రొమ్ము ఆనిన చోటు నుంచి పై స్క్రూకి పద్నాలుగు. అదే ఆరు కిలోల సంచీకి పై స్క్రూ మీద లాగుడు ఇప్పుడు రెండు కిలోల పై చిల్లర. ఇత్తడి బరువు పెరగలేదు, ఇంకా ముప్పై గ్రాములు తగ్గింది.

మిగతా రెండు లోపాలూ ఆ భంగిమలోనే తీరిపోయాయి. తల పైకెత్తినప్పుడు బట్ట ఆనేది మెడ వెనక భాగానికి. అక్కడ దారం చుట్టకుండా మైనాన్ని రేకులా ఒత్తి నునుపుగా పరిచాం. దారం పనంతా తోకలో, రెక్కల్లో, బట్ట తగలని చోట. ముక్కు కొన గొంతు వైపు తిరిగింది, దాన్ని గొంతుకి అంటించేశాం. బయటికి కనిపించేది ముక్కు పైవంపు మాత్రమే, గోలీలా గుండ్రంగా. ఆ గుండ్రమే సంచీ పట్టీ జారిపోకుండా ఆపుతుంది కూడా.

ఈ పని జరుగుతుండగా ఫ్రెంచి శిల్పి ఫ్రాన్స్వా గ్జావియే లాలాన్ చేసినవి మళ్లీ చూశాను. 1964లో ఆయన ఒక ఖడ్గమృగాన్ని చేశాడు. దాని పక్క భాగం తెరిస్తే లోపల రాతబల్ల ఉంటుంది. మరుసటి ఏడు ఉన్ని గొర్రెల మంద చేశాడు. కూర్చోవచ్చు, కాళ్ల కింద చక్రాలున్నాయి కాబట్టి తోసుకుంటూ ఎటైనా తీసుకెళ్లవచ్చు. కవచంలాంటి ఖడ్గమృగం చర్మం ముందే పలకలు పలకలుగా ఉంటుంది, తలుపులా తెరుచుకోవడం దానికి వింతగా ఉండదు. గొర్రె వీపు ఎత్తు, వెడల్పు, మెత్తదనం పీటవే. ఆ జీవి ఒంట్లో ఉన్న గుణాన్నే ఆయన వాడుకున్నాడు. ఇప్పుడు బజార్లో దొరికే ఎన్నో వస్తువుల్లో జింక తల మీద బల్బు, గుడ్లగూబ నెత్తిన గడియారం ఉంటాయి. జంతువుని తీసేసినా ఆ వస్తువు అలాగే పనిచేస్తుంది. నా మొదటి చిలకా ఆ కోవలోదే, ఒప్పుకోవాలి.

కూలి సంగతి కూడా రాయాలి, చాలామంది దాటేస్తారు. డోక్రా వస్తువుని తూకం వేసి కిలో లెక్కన కొనే అలవాటు ఉంది. అలా కొంటే బరువు తగ్గించిన ప్రతి నమూనా చేసినవాడి సంపాదన తగ్గిస్తుంది. మెడ వెనక నునుపు రేకు పరవడానికి పట్టే పూట తూకంలో రాదు. అందుకే కాకాతో వస్తువు లెక్కన మాట్లాడుకున్నాను, పాడైన పోతలకూ కూలి కట్టాను. మొదటి విడత రెండు చిలకలకీ పూర్తి డబ్బు ఇచ్చాను, గీత నాదే కాబట్టి. వానాకాలం రెండు నెలలు అచ్చులు ఆరక పని ఆగింది. దీపావళి ముందు గోండుల దండారీ పండక్కి గూడేల నుంచి వచ్చే పని ముందు చూసుకుంటానన్నాడు. అది అలాగే ఉండాలి. ఇంటివాళ్లకి ముందే చెప్పి గడువు పెంచుకున్నాను.

తలుపు పిడులకి ఏనుగు అని ముందే ఖాయం. ఈసారి ప్రశ్న సరిగ్గా అడిగాను: తొండం రెండు కొసలా ఆధారం దొరికేలా ఎప్పుడు వంగుతుంది? మేత నోట్లో పెట్టుకునేటప్పుడు. తొండం ముందుకు దిగి, వంగి, కొన నోట్లోకి వెళుతుంది. అదే పిడి. పైన నుదురు, కింద నోరు, రెండు చోట్లా తలుపుకి బిగుస్తుంది. నోటిని మామూలు కంటే చాలా కిందికి లాగాల్సి వచ్చింది. కాకాకి అది మొదట నచ్చలేదు, నాలుగు మైనపు తలలు చేశాక ఒప్పుకున్నాడు. పట్టుకునే చోట తొండం మందం 28 మిల్లీమీటర్లు. కీళ్లనొప్పులున్న పెద్దావిడ పిడికిలికి కర్రలు ఇచ్చి కొలిచిన కొలత అది. అంతకంటే సన్నగా ఉంటే వేళ్లు మరీ ముడవాలి, లావైతే పట్టు దొరకదు. తలుపుకీ తొండానికీ మధ్య 45 మిల్లీమీటర్ల సందు ఉంచాం, ఉంగరాలున్న వేళ్లు తేలిగ్గా దూరాలి.

తొండాన్ని నిండుగా పోస్తే అదొక్కటే కిలో. నాలుగు మిల్లీమీటర్ల మందంతో బోలుగా పోస్తే అరకిలో. బోలు పోతలో లోపలి మట్టి ఉండిపోతుంది. అలాగే వదిలితే చెమ్మ పీల్చి కీళ్ల దగ్గర పచ్చని మరక కారుతుంది, అందుకని వెనక కన్నం ఉంచి మట్టినంతా గోకి తీశాం. చిలక మెడ మీద చెడు చేసిన మైనపు దారం ఇక్కడ బాగా పనికొచ్చింది. తొండం ముడతలు అడ్డంగా దారం చుడితే వాటంతట అవే వచ్చాయి. తడి చేతికి కూడా జారదు. దారం కొసలు మాత్రం వేడి కమ్మీతో అదిమి కలిపేయాలి, లేదంటే ఇత్తడిలో ముల్లులా మిగులుతాయి. ఒక పిడిలో బోల్టు పట్టే మర చుట్లు అరిగి ఊడిపోయాయి, పోతలో సన్నని గాలి బుడగలున్న చోట మర కోశాం మరి. తర్వాతి పోతకి మర పడే భాగాన్ని 18 మిల్లీమీటర్లకి పెంచాం, ఆ బాధ మళ్లీ రాలేదు.

బాల్కనీ తలుపుకి తాబేలు. దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. బరువుంటే చాలు అనుకున్నాం, కాని నున్నటి టైల్స్ మీద ఇత్తడి జారిపోయింది. అడుగున మూడు మిల్లీమీటర్ల రబ్బరు అంటించాక కదల్లేదు. డిప్ప లోపల ఇత్తడికి బదులు ఆరబెట్టిన ఇసుక నింపి మూశాం.

బిగించే రోజు డోక్రా స్వభావం తెలుసుకోవాల్సి వచ్చింది. ఏడు చిలకల్లో ఏ రెండిటి కన్నాలూ ఒకే దూరంలో లేవు, రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల తేడా. ఒకే కాగితం పెట్టి అన్నిటికీ డ్రిల్లు వేస్తే గోడ పాడవుతుంది. ప్రతి చిలకనీ వేరే కాగితం మీద పెట్టి, చుట్టూ గీసి, వెనకాల అంకె వేసి గోడకి అతికించాం. తేలిక ఇటుకల కోసం చేసిన పొడవాటి ప్లగ్గులే వాడాం. షెడ్డు గోడ మీద ఇరవై కిలోల ఇసుక మూట పది రోజులు వేలాడదీసి చూశాకే ఇక్కడ డ్రిల్లు పట్టాను. స్నానాల గదిలోనూ ఒకటి పెట్టమన్నారు, వద్దన్నాను. పూత లేని ఇత్తడి మీద తడి బట్ట గంటల తరబడి ఉంటే ఆకుపచ్చ మరక దిగుతుంది. నిగనిగలాడే లక్క పూత వేయించే దారి ఉంది. అది చేతులు తగిలే చోట ముందు లేచిపోయి మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. అందుకని సన్నగా తేనె మైనం రుద్ది వదిలేశాను.

పద్నాలుగు నెలల తర్వాత చూడటానికి వెళ్లాను. స్క్రూలు ఏవీ వదులు కాలేదు. పాప తన స్కూలు సంచీని మీటరు ఎత్తు చిలకకి తనే తగిలిస్తోంది. వీధి తలుపు తొండం నడుమ, అరచేయి పడే చోట, బంగారంలా మెరుస్తోంది. ముడతల లోపల నల్లబడింది. నేను కోరుకున్నది అదే: చేయి తగిలేది మెరవాలి, తగలనిది ముదరాలి, అప్పుడే ఈకా ముడతా లోతుగా కనిపిస్తాయి.

హాల్లో చిలకలు మాత్రం మూడూ కొత్తవాటిలా ఉన్నాయి. పెద్దావిడ సంక్రాంతికి చింతపండు పెట్టి తోమించారట. గీతల్లో నలుపు పోతే రెక్కల అందం తగ్గుతుందని చెప్పబోయాను.

"పండక్కి తోమని ఇత్తడి ఇంట్లో ఎందుకే అమ్మాయ్?" అన్నారు, నా చేతిలో కాఫీ గ్లాసు పెడుతూ.

ఇల్లు ఆవిడది. లోపలి గదుల్లో ఉన్న నాలుగింటినీ వదిలేయమని మాత్రం అడిగాను. సరేనన్నారు. వచ్చేటప్పుడు ఆవిడ గదిలో గోడ చూశాను. నేను బిగించిన చిలక పక్కనే, చిన్న పలకకి అమర్చిన కోనసీమ కొయ్య. ఇత్తడి చిలకకి ఆవిడ చేతికర్ర వేలాడుతోంది. టేకు చిలకకి ఏదీ తగిలించలేదు.